ఎర్రయ్య లేపిన ఆకుపచ్చ పట్టీ

2004 జూన్‌లో నేను టెక్కలిలోని ఒక మానసిక వైద్యశాలలో మెదడు తరంగాలు నమోదుచేసే ఈఈజీ యంత్రానికి టెక్నీషియనుగా చేరాను. మెదడు పనితీరును పెద్ద స్కానరుతో తెరమీద చూపిస్తూ, రోగి చేతే దాన్ని మార్పించే చికిత్స విదేశాల్లో ప్రయోగదశలో ఉందని చదివేవాళ్లం. అంత స్కానరు మాకెక్కడిది! మాది తీగల యంత్రం. తలకు జిగురు రాసి తీగలున్న లోహపు బిళ్లలు అంటిస్తే, నుదుటి దగ్గర చురుకు తరంగాలు పెరిగినప్పుడల్లా తెరమీద ఆకుపచ్చ పట్టీ లేస్తుంది. దిగులు జబ్బుకు మందులతోపాటు ఈ సాధన కూడా చేయించేవాళ్లం.

ఎర్రయ్య ఉద్దానం తీరంలో చేపల వేటకెళ్లే మనిషి. దిగులు పట్టి ఆర్నెల్లుగా పడవ ఎక్కలేదు. భార్య పోలమ్మ బస్సులో తీసుకొచ్చేది. మొదటివారం పట్టీ కదిలితే ఒట్టు. రెండోవారం చూడాలి, సర్రున పైకి! నేను ఉబ్బితబ్బిబ్బయి, గ్రాఫులకు పెన్సిలుతో రంగు కూడా పూసి డాక్టరుగారికి చూపించాను. ఆయన మందు సగానికి తగ్గిస్తూ చీటీ రాయబోయారు.

పోలమ్మ అడ్డుపడింది. "తగ్గించొద్దు బాబూ! ఇంటికాడ ఇంకా గోడకేసే సూత్తన్నాడు. మొన్న 'నాను బతికుండి ఏటి లాబం' అన్నాడు."

వెంటనే ఎర్రయ్యను మళ్లీ కూర్చోబెట్టి, ఈసారి తెర వదిలేసి అతని మొహం చూశాను. దవడలు బిగించి పళ్లు నూరుతున్నాడు! కండరం బిగిస్తే పుట్టే విద్యుత్తు కూడా మెదడు తరంగాల్లో కలిసిపోయి పట్టీని లేపేస్తుంది. మా పనిలో ఇది ఓనమాలు. ఎందుకలా చేస్తున్నావని అడిగాను.

"బరువు వల ఇలాగే కదా బాబూ లాగుతాం. అది లేత్తే మీరు నవ్వుతన్నారు."

సిగ్గుతో చచ్చిపోయాను. డాక్టరుగారి దగ్గర తప్పు ఒప్పుకుని తిట్లు తిన్నాను. మందు తగ్గలేదు. బిగింపు వేరుగా తెలిసేలా దవడకూ ఒక బిళ్ల అంటించి సాధన మళ్లీ మొదలుపెట్టాం. పట్టీ అరకొరగానే లేచేది. మూడో నెలలో పోలమ్మ నవ్వుకుంటూ వచ్చింది. "పులుసులో ఉప్పెక్కువైపోనాదని నన్ను తిట్టీసినాడు బాబూ!"

అది మందు గుణమో, సాధన గుణమో నేను చెప్పలేను. రిటైరయ్యేదాకా మాత్రం, యంత్రం వేసేముందు రోగి ఇంట్లోవాళ్లను అడిగేవాణ్ని: తింటున్నాడా, కసురుతున్నాడా, ఏమంటున్నాడు? రోగి మన సంతోషం కోసం కూడా పట్టీ లేపగలడు. ఆ రోజు పోలమ్మ నోరు విప్పకపోతే ఆ చీటీ మందుల షాపుకు వెళ్లిపోయేది.