నాలుగు లైన్ల మిక్సర్

లింగమూర్తి ఎవరితోనూ పోట్లాడి ఎరగడు. నస్పూర్‌లో బొగ్గుగని ఆఫీసు గుమస్తాగా పంతొమ్మిదేళ్లు పనిచేసి, ఒక్కసారి కూడా ఎవరి మీదా గొంతు పెంచని మనిషి. అది మంచితనమని కాలనీలో అందరూ అనుకునేవారు. అతనూ అలాగే అనుకునేవాడు, 1987లో మైకుల మిక్సర్ కొనేదాకా.

ఆదివారం వస్తే అతను గుమస్తా కాదు, హార్మోనియం వాయించే లింగన్న. అతని పాటల పార్టీలో తనతో కలిపి ఐదుగురు. ముందు పాడే పెద్ద గొంతు వెంకటిది. ఆడగొంతు బాలలక్ష్మిది. ఢోలక్ కొండల్‌ది. ఐదోవాడు హనుమండ్లు. గని వర్క్‌షాపులో వెల్డరు. డప్పు వాయిస్తాడు, వెంకటి చరణం ముగించగానే పల్లవిని అందుకుని పైకి లేపుతాడు. ఆ అందుకోవడంలోనే పాటకు ప్రాణమని వినేవాళ్లు అనేవారు.

ఏ ఊళ్లో పాడినా నలుగురు వేదిక మీద కూర్చునేవారు, హనుమండ్లు కింద మెట్ల పక్కన నిలబడేవాడు. నిలబడమని ఎవరూ చెప్పలేదు. పల్లెల్లో డప్పు పట్టినవాళ్లు ఎక్కడ నిలబడతారో కాలనీకి వచ్చాక కూడా అక్కడే నిలబడ్డాడు. ఎవరికీ అది వింతగా తోచలేదు.

అప్పటిదాకా వాళ్ల దగ్గర ఉన్నది రెండే మైకులు తగిలించే పాత యాంప్లిఫయర్. ఒక మైకు వెంకటికీ బాలలక్ష్మికీ కలిపి. రెండోది హార్మోనియానికీ ఢోలక్‌కూ మధ్య. హార్మోనియం గట్టిగా మోగితే బాలలక్ష్మి గొంతు మునిగిపోయేది. ఉట్నూర్ వైపు ఒక ఊళ్లో జనం "పెట్టె ఇనవడుతుంది, పిల్ల ఇనవడుతలేదు" అని అరిచారు కూడా. అందుకే మిక్సర్ కొనాలనుకున్నారు. ఒక్కొక్క మైకుకు తిప్పే బిర్రా ఒక్కొక్కటి, ఎవరి గొంతు ఎంత కావాలంటే అంత. కరెంటు లేని ఊళ్లలో బ్యాటరీ మీద నడవాలి, జీపులో ఒళ్లో పెట్టుకునేంత చిన్నదై ఉండాలి. ఎంచి తెచ్చే పని లింగమూర్తి మీద పెట్టారు.

కోఠిలో దుకాణం ముసలాయన అడిగాడు. "ఎన్ని మైకులు గావాలె సాబ్?"

లింగమూర్తి వేళ్లు ముడిచాడు. వెంకటి, బాలలక్ష్మి, ఢోలక్, హార్మోనియం. "నాలుగు."

ముసలాయన రెండు పెట్టెలు ముందు పెట్టాడు, ఒకటి నాలుగు మైకులు తగిలే నాలుగు లైన్లది, ఇంకొకటి ఆరు లైన్లది. లింగమూర్తి తొందరపడలేదు. అన్ని బిర్రాలూ పూర్తిగా తిప్పించి, ఎవరూ మాట్లాడకుండా ఆపి, ఊరికే బుయ్ మంటున్నదేమోనని చెవి పెట్టి విన్నాడు. బ్యాటరీ తగిలించి చూశాడు. రెండూ బాగానే ఉన్నాయి.

"ఆరు లైన్లది తీస్కోండి సాబ్. జర బరువంతె. రేపు ఇంకో మనిషి పెరిగితే పరేషాన్ కావద్దు," అన్నాడు ముసలాయన.

తెచ్చిన డబ్బు దానికీ సరిపోయేది. అప్పుడే హనుమండ్లు గుర్తుకొచ్చాడు. మరిచిపోయానని తర్వాత తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకున్నా, గుర్తుకొచ్చిన మాట నిజం. డప్పుకు మైకెందుకు, ఊరవతలికి వినబడుతుంది అనుకున్నాడు. డప్పు మాట సరే. మరి గొంతు? గొంతుకు మైకు ఇస్తే మనిషిని పైకి పిలవాలి. ఏటేటా ఆసిఫాబాద్‌లో దొర జైపాల్‌రావు గారి వాకిట్లో, ఆయన చుట్టాల ముందు, అరుగు మీద పాడతారు. ఆ అరుగు మీద హనుమండ్లును తన పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ల మొహాలు చూడగలడా? ఈ ఆలోచన ఒక్క క్షణం కంటే ఎక్కువ నిలవలేదు.

"నాలుగుదే కట్టండి," అన్నాడు. అనగానే మనసు తేలికైంది. ఆ తేలికకే తర్వాత అన్నిటికంటే ఎక్కువ సిగ్గుపడ్డాడు.

ఆ ఆదివారం అందరూ అతని ఇంటి ముందు చేరారు. పెట్టె విప్పుతుండగా హనుమండ్లు సైకిలు మీద ఇనుప స్టాండ్లు మోపులా కట్టుకుని వచ్చాడు. పాత పైపు ముక్కలు అతికి, నల్లరంగు వేసి, మైకు స్టాండ్లు చేశాడు. పది రోజులుగా డ్యూటీ అయ్యాక అదే పని.

"ఐదు జేసిన సారూ. మీరు కూసొని వాయిస్తరు గదా, మీది పొట్టిగ జేసిన. బాలలక్ష్మిది సన్నపు పైపు. గీ పొడుగుది నాది. నిలవడి పాడుత గదా, మూతి కాడికి కొలిచి కోసిన." అంటూ పొడుగు స్టాండు పక్కన నిలబడి చూపించాడు. సరిగ్గా పెదవుల దగ్గరికి వచ్చింది.

"అబ్బో, హన్మండ్లన్న పెండ్లికొడుకు లెక్క నిలవడ్డడు," అన్నాడు వెంకటి. అందరూ నవ్వారు.

కొండల్ మిక్సర్ చుట్టూ వేలితో తడిమాడు. "గిదేంది లింగన్నా, నాలుగే ఉన్నయ్?"

లింగమూర్తి వైర్ల చుట్ట విప్పుతూ తల ఎత్తకుండా అన్నాడు. "ఆరు లైన్లది దొరకలే. దుకాణంల గిదొక్కటే ఉండె."

హనుమండ్లే అన్నాడు. "దొరకకపోతే మీరేం జేస్తరు సారూ. డప్పుకు మైకెందుకు తియ్యి." పొడుగు స్టాండును గోడకు ఆనించి, కూర్చుని, మిగిలిన నాలుగింటికీ వైర్లు తనే బిగించాడు.

ఉట్నూర్‌లో మొదటి ప్రోగ్రాం. వెంకటి గొంతు గంటలా మోగింది. బాలలక్ష్మి గొంతులోని సన్నని విరుపులు కూడా చివరి వరుసకు వినిపించాయి. వెంకటి చరణం ముగించాడు, కింద నుంచి హనుమండ్లు పల్లవి అందుకున్నాడు. ఎవరికీ వినబడలేదు. మునుపు అందరి గొంతులూ అంతంతమాత్రమే కాబట్టి అతనిదీ వాటి సరసన నిలిచేది. ఇప్పుడు వాళ్లవి పెరిగి, అతనిది కింద ఉండిపోయింది. రెండో పాటకు నరాలు ఉబ్బేలా పాడాడు. మూడో పాట నుంచి నోరు మూసుకుని డప్పు ఒక్కటే వాయించాడు.

తిరుగు జీపులో వెంకటి పరాచికమాడాడు. "ఏందన్నా, గొంతుల బొగ్గు పడ్డదా?"

"జలుబురా," అన్నాడు హనుమండ్లు.

ఆ జలుబు రెండు నెలలైనా తగ్గలేదు. ఒకచోట లింగమూర్తి తన ముందున్న మైకు తీసి మెట్ల పక్కన పెట్టి వచ్చాడు. హనుమండ్లు దాన్ని మళ్లీ తెచ్చి హార్మోనియం ముందు నిలబెట్టాడు. "పెట్టె ఇనవడాలె సారూ," అని మాత్రం అన్నాడు.

ఇంట్లో అనసూర్య భర్తను అడిగింది. "హనుమండ్లన్న పాడుతలేడేంది? ఆయన లేని పాట ఉప్పు లేని కూర లెక్కుంది. మీరన్న అడిగిన్రా?"

అడగడానికి అతనికి నోరెక్కడిది?

చివరికి ఒక సాయంత్రం హనుమండ్లు ఇంటికి వెళ్లాడు. ఇన్నేళ్లలో ఆ గుమ్మం తొక్కడం అదే మొదటిసారని గుమ్మం ముందే తెలిసింది. హనుమండ్లు భార్య పోశవ్వ కుర్చీ వేసింది. మంచినీళ్లు తేవాలా వద్దా అన్నట్టు ఒక్క క్షణం ఆగింది. అతనే అడిగి తెప్పించుకుని తాగాడు. అలా అడిగినందుకు కూడా ఏదో గొప్ప చేశానన్నట్టు అనిపించి మరింత కుంచించుకుపోయాడు.

"హనుమండ్లూ, ఆరు లైన్లది ఉండె. నేనే తేలే."

"తెల్సు సారూ."

"ఎట్ల?"

"డబ్బల కాయితం మీద బొమ్మలున్నయ్. ఒకదానికి నాలుగు బిర్రాలు, ఇంకోదానికి ఆరు. ఆరుది దుకాణంల లేకుండెనేమో అనుకున్న. కాని మీరు నా మొఖం సూడకుంట జెప్పిన్రు గదా."

"మరి అడగకపోతివి?"

"ఏమని అడగాలె?"

తప్పయింది అన్నాడు లింగమూర్తి. ఆ మాట ఆ ఇంట్లో చాలా చిన్నగా వినిపించింది.

హనుమండ్లు అన్నాడు. "ఇంటికొచ్చి జెప్పిన్రు, మంచిదే. కని ఇంట్ల జెప్తే నాకొక్కనికే ఎరుక. ఆడ నలుగురి ముంగట దొరకలే అన్నరు. జెప్తే ఆడనే జెప్పుండ్రి. లేకుంటె ఊకోండి, నేనైతె డప్పు కొట్టుడు బందు వెట్టను."

ఆ వారమంతా లింగమూర్తి నలుగురి ముందు చెప్పాల్సిన వాక్యాన్ని ఆఫీసు కాగితాల మీద, స్నానం చేస్తూ, నడుస్తూ కూర్చుకున్నాడు. ఆదివారం తన ఇంటి ముందు అందరూ కూర్చున్నాక, హార్మోనియం మీద చేతులు పెట్టుకుని, ఎవరినీ చూడకుండా మొదలుపెట్టాడు. మధ్యలో ఆగాడు. తల ఎత్తి హనుమండ్లు వైపు చూస్తూ మళ్లీ మొదటి నుంచి చెప్పాడు.

"కోఠిల ఆరు లైన్లది ఉండె. పైసలు గూడ సరిపోతుండె. దొరకలేదని మీతోని అబద్ధమాడిన."

కొండల్ ఢోలక్ తాళ్లు బిగించడం ఆపాడు. బాలలక్ష్మి తల వంచుకుంది. వెంకటి మాత్రం పరాచికమనుకుని నవ్వాడు. ఎవరూ నవ్వు కలపకపోయేసరికి ఆపి, ఏ కపటమూ లేకుండా అడిగాడు.

"మరెందుకు తేలేదన్నా?"

దీనికి లింగమూర్తి వాక్యం కూర్చుకోలేదు. హనుమండ్లు కూడా అతన్నే చూస్తున్నాడు. బరువని చెప్పొచ్చు. జీపులో పట్టదని చెప్పొచ్చు.

"తెస్తే హనుమండ్లును అరుగు మీద నా పక్కన కూసోవెట్టుకోవాలె," అన్నాడు లింగమూర్తి. "గందుకే తేలే."