బువ్వకు రసీదు ఉండదు

మా మేనత్త పోయిందన్న కబురు నాకు సుబేదారి బస్సు స్టాపులో తెలిసింది. చెప్పింది బంధువులు కాదు. ఎన్నికలొస్తే జీపుకు మైకు కట్టుకుని తిరిగే ఎదుటి పార్టీ మనిషి. కాలేజీ నుంచి వస్తున్న నన్ను చూసి జీపు ఆపించాడు. "బిడ్డా, మీ అత్త దవాఖానల పోయిందట. జల్ది ఇంటికి పో" అన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. జీపు కదులుతుంటే పక్కవాడితో, "ఇగ లెక్కలడిగేటోళ్లు లేరు. మనకు నిమ్మలం" అన్నాడు. అదీ నాకు వినబడింది.

ఏడవాల్సిందంతా ఇంట్లో ఏడ్చాను. ఈ కాలేజీ పత్రికలో రాస్తున్నది మాత్రం ఆ మాటకు జవాబు.

మా అత్త మరమగ్గాల వాడలో కండెలకు నూలు చుట్టి బతికింది. మామ పోయాక మా ఇంటి పక్క గదిలోనే ఉండేది. చదువు పదో తరగతి దాకా. నూలు ఇచ్చే సేటు తూకం వేసేటప్పుడు ముల్లు ఆగేదాకా ఆమె చూపు తిప్పేది కాదు. పావుకిలో మిరపకాయలు కొన్నా చీటీ అడిగేది. దుకాణపాయన విసుక్కునేవాడు.

"మిరపకాయలకు చీటీ ఎందుకక్కా, కలెక్టరుకు చూపిస్తవా?"

"అడిగితె చూపిస్త. నిన్ను అడిగితె నువ్వు చూపిస్తవా?"

డెబ్బైల చివర, నేను చిన్నబడిలో ఉండగా, మా వాడ నేతపనివాళ్లంతా కమిటీగా కూడి తమలో ఒకాయనను అసెంబ్లీ ఎన్నికల్లో స్వతంత్ర అభ్యర్థిగా నిలబెట్టారు. ఎన్నికల ఏజెంటుగా మా అత్త సంతకం చేసింది. ఆడమనిషి ఏజెంటా అని కొందరు నవ్వారు. ఆమె ఆ నవ్వును పట్టించుకోలేదు. గోడల మీద రాసిన సున్నం ఖర్చు, కరపత్రాల ఖర్చు, అద్దె సైకిళ్ల ఖర్చు, ఏ రోజుది ఆ రోజే రాసింది.

మేము ఓడిపోయాం. డిపాజిట్ కూడా దక్కలేదు. ఓడినవాళ్లకు లెక్కలేమిటని వాడంతా అనుకున్నది. కానీ చట్టం అట్లా అనదు. గెలిచినా ఓడినా, ఫలితం వచ్చిన నెల రోజుల్లోపు ప్రతి అభ్యర్థీ ఖర్చుల లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఇవ్వకపోతే, ఇచ్చింది సరిగా లేకపోతే, మూడేళ్లు పోటీకి పనికిరాకుండా పోవచ్చు. అత్త మాట ఇప్పటికీ మా వాడలో చెప్పుకుంటారు: "ఓడింది ఓట్ల. లెక్కల గాదు."

చిక్కు భోజనాల దగ్గర వచ్చింది. ప్రచారానికి తిరిగినవాళ్లకు మా వాడ ఆడవాళ్లు వంతులవారీగా అన్నం పెట్టారు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఎవరి ఇంట్లో ఏది ఉంటే అది. లెక్కతో పాటు రసీదులు పెట్టాలి కాబట్టి అత్త గడపగడపకూ పోయి, పెట్టిన భోజనానికి ఓ కాగితం మీద వేలిముద్ర వేయమని అడిగింది. అదే ఆమె చేసిన పొరపాటు. మా దగ్గర పెట్టిన అన్నానికి ధర అడగరు. దాని మీద కాగితం రాస్తే అన్నం అమ్ముకున్నట్టే.

"నా శేతి బువ్వకు ధర కడ్తవా? నీకు సిగ్గు లేదా?" అని చివరింటి ముసలవ్వ ఎగబడింది.

"నేను హోటల్ పెట్టిన్నా వదినా? చెయ్యి పెట్ట ఫో" అని మా అమ్మ కూడా తలుపేసుకున్నది.

అత్త వాళ్లను మళ్లీ అడగలేదు. భోజనం అన్న చోట తన చేత్తో ఇట్లా రాసింది: "ఇండ్లల్లో పెట్టినారు. పైసలు తీసుకోలేదు. రసీదు అడిగితే తిట్టినారు." మాటల మీద మోజుతో నేనిప్పుడు కాగితాల మీద కాగితాలు నింపుతున్నాను. ఇంత సూటి వాక్యం నాకింకా రాలేదు.

ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. భోజనాలకు ఆధారం లేదు, సంజాయిషీ ఇవ్వండి అని. ఆఫీసు బయట చెట్టు కింద ఫారాలు నింపే మనిషి ఉపాయం చెప్పాడు: "ఏదన్న హోటల్ బిల్లు తెచ్చి అతికియ్యమ్మా. అందరు గంతే." మా అభ్యర్థికి భయం పట్టుకుంది. మళ్లీ నిలబడాలన్నది ఆయన ఆశ. వాడ ఆశ కూడా.

"పోనియ్యక్కా, గా బిల్లేదో పెట్టు. లేకుంటె నన్ను నిలబడనియ్యరు" అని బతిమిలాడాడు.

"దొంగ బిల్లుతోని నిలబడితె వాళ్లకూ మనకూ ఫరక్ ఏంది తమ్మీ? ఊకో."

ఆ సాయంత్రం ఆడవాళ్లను కూడగట్టి ఒకటే అడిగింది: "కాగితం మీద రాయరు సరే. నోటితోనన్న చెప్తరా?"

"యాడికి రమ్మంటె ఆడికొచ్చి చెప్తం" అన్నది ముసలవ్వ.

తర్వాత జరిగింది మా అమ్మ చెప్పగా విన్నాను. అంతా కలిసి ఆఫీసుకు పోయారు. ముసలవ్వ సద్ది మూట విప్పి గిన్నె అధికారి బల్ల మీద పెట్టింది.

"జర తినుండ్రి సారూ. తిన్నంక ధర మీరే రాయుండ్రి. మీరెంత రాస్తె గంత."

"నేను డ్యూటీల ఉన్నవ్వా."

"మా పోరగాండ్లు గూడ డ్యూటీలనే తిన్నరు."

ఆయన పెన్ను మూత తీశాడు, పెట్టాడు. చివరికి ఒక్కొక్కరిని పేరు, ఇంటి నంబరు అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాయించుకున్నాడు. మా లెక్క ఆమోదించారని కొన్నాళ్లకు కాగితం వచ్చింది. "తిన్నడో లేదో తెల్వది గని, గిన్నె మాత్రం కడిగి పంపిండు" అంటుంది అమ్మ.

అత్త అక్కడితో ఆగలేదు. ఒక్క రూపాయి కడితే ఏ అభ్యర్థి లెక్కనైనా ఎవరైనా చూడొచ్చని తెలుసుకున్నది. రూపాయి కట్టి జీపు పార్టీ అభ్యర్థి లెక్క తీయించింది. అందులో కొంచెం పెట్రోలు, కొన్ని కరపత్రాలు. ఊరంతా చూసిన లారీలు, విందులు లేవు. అవన్నీ దోస్తులు పెట్టుకున్న ఖర్చట. పార్టీ గానీ స్నేహితులు గానీ పెట్టింది అభ్యర్థి లెక్కలోకి రాదని అప్పటికే చట్టం మార్చారు. అత్త వాడకొచ్చి మెట్ల మీద నిలబడి అందరికీ వినిపించింది: "గింతమంది దోస్తులున్నోనికి మన ఓట్లు ఎందుకుల్లా?"

చట్టం ఒప్పుకున్నాక నీకెందుకు అన్నవాళ్లకు, "చట్టం ఒప్పుకున్నదని నా నోరు ఒప్పుకుంటదా?" అనేది. ఆ తర్వాత మా అభ్యర్థి మళ్లీ నిలబడ్డాడు, మళ్లీ ఓడాడు. అత్త మళ్లీ లెక్క ఇచ్చింది, మళ్లీ రూపాయి కట్టింది. మా ఆడవాళ్లు కూడా ఒకరకంగా అభ్యర్థికి దోస్తులే కదా అని ఎవరైనా నాతో వాదించవచ్చు. అవును, దోస్తులే. పేరు చెప్పి, ఇంటి నంబరు చెప్పి, అధికారి ఎదుట నిలబడ్డ దోస్తులు.

ఈసారి ఎన్నికల ప్రకటన వచ్చిన వారంలోనే ఆమె పోయింది. ఏజెంటు ఎవరని మా అభ్యర్థి మొహమాటంగా అడిగితే, అప్పట్లో తలుపేసుకున్న మా అమ్మే ఫారం మీద సంతకం చేసింది.

దినాల నాడు వాడంతా మా ఇంటి ముందే వంట మొదలుపెట్టింది. జీపు వచ్చింది, వెనుక బియ్యం బస్తాలతో. నాకు కబురు చెప్పిన మనిషే దిగాడు.

"అక్క మాకు గూడ కావల్సినామెనే. మా తరఫున ఉంచుండ్రి వదినా."

"సంతోషం. దించుండ్రి తమ్మీ. రసీదు రాసిస్త, తీస్కపొండ్రి" అన్నది అమ్మ.

"సావింట్ల రసీదేంది వదినా!"

"మేం పెట్టిన బువ్వకు రసీదు లేదు. ఎలక్షన్ల మీరు పంపిన బియ్యానికి ఉంటది. ఖర్చుల్ల రాసుకోండ్రి."

"ఎవలో దోస్తు ఇచ్చిండనుకో రాదు."

"దోస్తు పేరు చెప్పు. రాస్త."

అతను బస్తాల వైపు చూశాడు, డ్రైవరు వైపు చూశాడు. బస్తాలు దించకుండానే, దిగినంత తొందరగా ఎక్కి కూర్చున్నాడు.

మా సందులో జీపు తిరగదు. వెనక్కే పోవాలి. గల్లీ పొడుగునా ఆడవాళ్లు కత్తిపీటలు ముందేసుకుని వంకాయలు కోస్తున్నారు. జీపు ఒక్కొక్కరి ముందుకు వచ్చినప్పుడు కత్తిపీట కొంచెం వెనక్కి జరిపారు. అది దాటిపోగానే మళ్లీ ముందుకు లాక్కుని, తలెత్తకుండా కోస్తూ కూర్చున్నారు.