తినేటోళ్లున్నరు, నర్సమ్మ చిన్నమ్మా

నిన్న పొద్దున ఆరున్నరకు నర్సమ్మ చిన్నమ్మ చనిపోయింది. పోచంపల్లి అవతల మా ఊళ్లె, ఆమె ఇంట్లనే. వయసు తొంభైకి దగ్గర.

ఫోన్‌ల చెప్పంగనే నేను అడిగిన మొదటి మాట, "ఎన్నింటికి?"

జిందగీ అంత రిపోర్టర్‌గ చేసిన నోరు. ఫోన్ పెట్టినంక ఊరికి బయలెల్లిన.

తెలియనోళ్ల కోసం చెప్తున్న. ఆమె మా చిన్నాయన భార్య, నేను ఆయన అన్న కూతుర్ని. మాది మగ్గాల ఇల్లు. యాభైల ఆఖర్ల కోడలుగ వచ్చింది. ఆమె పుట్టిల్లు చెరువు పక్క ఊరు. వస్తు వస్తు బాతులను తెచ్చుకున్నది.

మా వాడకట్టుల చెరువు లేదు, కుంట లేదు. సాలోళ్లింట్ల బాతులేంది అని ఊరంత నవ్వింది.

ఆమె ఇంటెనక గుంత తవ్వింది. చేదబాయి నీళ్లు తోడి నింపింది. బాతులు ఈదినయి.

తర్వాత కోళ్లు వచ్చినయి. కోళ్ల ఎంబడి పిలవని చుట్టాలు. ఊరపిచ్చుకలు, గోరెంకలు, పావురాలు. ఒక కుంటి గోరెంక ఆమె భుజం మీద కూసుండి జొన్నలు తినేది. సూరుల పిచ్చుక గూళ్లు మా మగ్గం కింద పడ్డ నూలు ముక్కలతోనే కట్టుకున్నయి. ఎర్ర గూడు, నల్ల గూడు. నా కండ్లతోని చూసిన.

ఆ రోజులల్ల కోడలు మామకు ఎదురుపడి మాట్లాడొద్దు. మామ కూడ కోడలితో నేరుగ మాట్లాడడు. మా తాతకు, చిన్నమ్మకు మధ్య వార్తలు మోసింది కోళ్లు, బాతులే.

తాత అరుగు మీద కూసుండి పుంజుతోని అనేటోడు, గీ ఇల్లు మగ్గాలకా, పిట్టలకా అని. లోపలి నుంచి చిన్నమ్మ బాతుకు చెప్పేది, జర సప్పుడు చెయ్యకే, పెద్దమనిషికి నిద్ర పట్టలేదంట అని. మేం పిల్లలం నోరు మూసుకొని నవ్వేటోళ్లం.

లొల్లి అసలు వచ్చింది గంజితోని.

పడుగును, అంటె మగ్గానికెక్కే నిలువు పోగులను, పొద్దున్నే వాడల సాగదీసి, గంజి పెట్టి, కుంచెతోని దువ్వుతరు. అది ఆరేదాక ఒక్క పోగు తెగొద్దు. చిన్నమ్మ మిగిలిన గంజిని రోజూ ఇంటి ముంగటనే బాతులకు, కోళ్లకు పోసేది. వాటితోని పిట్టలు కూడ గంజి రుచి మరిగినయి.

ఒక పొద్దున పిట్టల మంద పడుగు మీదనే వాలింది. ముక్కులతోని పొడిసినయి, గోళ్లతోని గీరినయి. పోగులు తెగినయి. ఎన్నో దినాల కష్టం పోయింది.

తాత ఆ రోజు అరవలేదు. పుంజు దిక్కు చూసి తీర్పు చెప్పిండు. ఇంకొక్క పడుగు చెడితే బాతులు, కోళ్లు అంగడికి పోతయి, సూరుల గూళ్లు పొయ్యిలకు పోతయి అని. ఆడికి ఆగితే అయిపోయేది. ఆగలేదు, ఇంకో మాట అన్నడు.

"పిల్లల్లేనిది పిట్టలను సాదుతాంది. రేపు ఈమె పోతే పిట్టకు పెట్టేదెవ్వరంట?"

మా దిక్కు మనిషి పోయిన మూడో దినం పిట్టకు పెడతరు. ఆకుల అన్నం పెట్టి, పిట్ట వచ్చి ముట్టేదాక నిలబడతరు. పెట్టెటందుకు కొడుకు కావాలె. చిన్నమ్మకు కొడుకు లేడు, బిడ్డ లేదు. ఇంట్ల ఎవ్వరూ ఎత్తని మాట అది. తాత ఎత్తిండు.

చిన్నమ్మ బయటికి వచ్చింది. బాతు దిక్కు చూడలేదు. మామ మొఖంల మొఖం పెట్టి అన్నది.

"పెట్టేటోళ్లు లేకుంటె ఏంది మామా. తినేటోళ్లున్నరు."

తాత తెగిన పోగుల దిక్కు తిరిగి ముడులేసుడు మొదలువెట్టిండు.

ఆ తెల్లారి నుంచి ఆమె ఇంటి ముంగట గంజి పొయ్యలేదు. పడుగు సాగదీసే రోజు అందరికంటె ముందు లేచి, బాతులను, కోళ్లను ఇంటెనక గుంత కాడికి తోలి, నూకలు జల్లి, "కో... కో..." అని పిలిచింది. కోడి మేసే కాడ భయం లేదని పిట్టలకు ఎరుకే. అన్నీ ఇంటెనకనే దిగినయి.

ముంగట పడుగు ఆరింది. ఒక్క పోగు తెగలేదు.

తాత పడుగు పొడుగునా నడిచి, చెయ్యి పెట్టి చూసుకున్నడు. వచ్చి అరుగు మీద కూసున్నడు. పుంజుతోని అన్నడు.

"మీ అమ్మకు జెప్పు. పడుగు మంచిగొచ్చింది."

మీ అమ్మ అన్నడు. లోపల చిన్నమ్మ విన్నది. ఆ పూట బాతులకు ఇంకో దోసెడు నూకలు ఎక్కువ పడ్డయి.

గూళ్లు సూరులనే ఉన్నయి. బాతుల గుంతను ఆమె ఈ ఎండకాలం దాక నింపుకుంటనే ఉన్నది.

నిన్న ఆమెను వాకిట్ల పండవెట్టినంక ఇంటెనక సప్పుడైతే పోయి చూసిన. గోడ పొడుగునా పిట్టలు. మేత యాళ్ల దాటింది. నూకలు నేనే జల్లిన.

రాత్రి మా పాలోళ్లల్ల, అంటె దాయాదులల్ల, ఒక పెద్దమనిషి ఫోన్ చేసిండు. ఆడిబిడ్డ పిట్టకు పెట్టొద్దు, దూరపు చుట్టమైనా సరే మొగపిలగాణ్ణి చూస్తమన్నడు. కాకా, నువ్వు ఫికర్ చెయ్యకు, మనిషి దొరికింది, నేనే అని చెప్పిన. రివాజు కాదన్నడు. మామ మొఖం మీద మాట్లాడుడు కూడ ఆనాడు రివాజు కాదు.

ఇది పోస్ట్‌ల ఎందుకు రాస్తున్నంటె, రేపు వచ్చేటోళ్లు ఈ ముచ్చట తెలిసే రావాలని. అడ్డం చెప్పేటోళ్లు కూడ రావచ్చు. జాగా ఉంది.

పోయిరా చిన్నమ్మా. ఇగ ఎవ్వరికీ జవాబు చెప్పే పని లేదు, నిమ్మళంగ ఉండు.

రేపు మూడో దినం. పొద్దున ఆరున్నరకు, ఇంటెనక బాతుల గుంత కాడ పిట్టకు పెడుతున్నం. ఆకు నేను వేస్త. పిలిచే పని లేదు, అవే వస్తయి.