అమ్మ పూసిన ఎర్రరంగు

నల్గొండలో ఎవరో కొత్త గేటుకు ఎర్రరంగు పూస్తుంటే ఆ వాసనకు ఆగిపోయాను.

మా ఊరు మర్రిగూడలో నీళ్ల ట్యాంకు కట్టినప్పుడు ఇనుప పైపుల తుప్పు గీకి, ఎర్రరంగు పూసింది మా అమ్మే. మర్నాడు వేరే కూలీలు దానిమీద నీలం వేశారు. అమ్మ పనిని చెరిపేశారని నాకు ఏడుపొచ్చింది. ఎనిమిదేళ్లదాన్ని, మేకుతో నీలాన్ని గీకి కింది ఎరుపును స్నేహితురాళ్లకు చూపించాను. ఒకచోట ఇనుమే బయటపడింది.

అమ్మ తిట్టలేదు. "గీకినకాడ తుప్పు వడ్తది బిడ్డా. నా రంగు లోపలుంటెనే పైపు నిలుస్తది," అంటూ మళ్లీ పూసింది.

"మరి నువ్వేసినవని ఎవలకు తెలుస్తది?"

"నీకెరుకనే గద."

ఆ పైపుల్లో ఇప్పటికీ నీళ్లొస్తున్నాయి. ఎవరూ అడగకపోయినా, అది మా అమ్మ చేతిపని అని చెప్తుంటాను.