కాటా గది ముందు ఎడమ చెప్పు

మా ఆయన్ని ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే నాకే కొత్తగా ఉంటుంది. క్వారీలో అందరికీ ఆయన గేరు మాస్టారు. రాళ్ళు మోసే టిప్పర్లు నడిపేవాళ్ళలో సగానికి పైగా ఆయన పక్కసీట్లో కూర్చుని పని నేర్చుకున్నవాళ్ళే. ఇంజను గొంతు వింటూ గేరు మార్చే మనిషి. ఒక్కోసారి క్లచ్ తొక్కకుండానే రాడ్డు వేసేవారు, చప్పుడు లేకుండా పడేది. పెళ్ళాన్ని కదా, పొగుడుతున్నాననుకోకండి. ఇంట్లో మంచినీళ్ళ చెంబు ఎక్కడుందో తెలియని మనిషి, ఆ మాటా చెప్తాను. కానీ స్టీరింగు ముందు కూర్చుంటే ఆయనకి సాటి లేరు, అంతే.

నేనూ అదే క్వారీలో కాటా గదిలో పనిచేస్తాను. కాటా అంటే బండిని లోడుతో సహా తూచే పెద్ద ఇనప పలక. దాని మీదికి రావాలంటే ఓ ఎత్తు ఎక్కాలి. బళ్ళన్నీ ఆ ఎత్తు మీదే వరసగా ఆగుతాయి. నేను మైకులో నంబరు పిలిస్తే ఒక్కో బండీ పలక మీదికొస్తుంది. ఎవడి పనితనం ఎంతో నా కిటికీలోంచే తెలిసిపోతుంది.

మావాళ్ళ దర్జా అంతా ఆ ఎత్తు మీదే. లోడు బండిని బ్రేకు తొక్కి ఆపితే చేతకానివాడి కింద లెక్క. సగం క్లచ్ వదిలి, కాస్త ఎక్సలేటరు ఇచ్చి, బండిని ముందుకీ వెనక్కీ పోకుండా నిలబెట్టాలి. ఆ ఫ్యాషను మొదలెట్టింది మా ఆయనే. ఆయన నిలబెడితే ముందు పెట్టుకున్న టీ గ్లాసు తొణికేది కాదు. కొత్తవాళ్ళు నోరెళ్ళబెట్టి చూసేవారు. నేనూ చూసేదాన్ని, అబద్ధమెందుకు.

అన్నేళ్ళు క్లచ్ తొక్కీ తొక్కీ ఆయన ఎడమ మోకాలు అరిగిపోయింది. మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. డాక్టరు ఒకటే మాటన్నాడు, క్లచ్ బండి ఇక ముట్టుకోవద్దని. ఓనరు మంచివాడే, గేటు దగ్గర కుర్చీ వేయిస్తానన్నాడు.

"వచ్చేపోయే బళ్ళకి సలాం కొట్టమంటాడా? అంతకంటే ఇంట్లో పడుంటా" అన్నారీయన.

పడున్నారు. ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరగడం, గిన్నె చప్పుడైతే కసరడం. నాకూ ముక్కు మీదే కోపం, నేనూ ఊరుకోలేదు. కానీ పొద్దున్నే క్వారీకి పోయే బళ్ళ హారన్ వినపడితే ఆయన మొహం గోడవైపు తిప్పుకునేవారు.

అప్పటికే క్వారీలో ఆటోమేటిక్ గేరు టిప్పర్లు మూడున్నాయి. వాటికి క్లచ్ పెడలే ఉండదు. క్లచ్ లోపలే ఉంటుంది, దాన్నీ గేరునీ మిషనే చూసుకుంటుంది. వచ్చిన రోజునుంచీ వాటిని ఆటబొమ్మలని అందరికంటే ఎక్కువ వెక్కిరించింది ఈయనే. ఆయన నోటి చలవో ఏమో, వాటి క్లచ్ ప్లేట్లు ఒకటి తర్వాత ఒకటి మాడిపోయాయి. ఇంకొక్కసారి మాడితే మూడింటినీ అమ్మేస్తానని ఓనరు తేల్చి చెప్పేశాడు.

ఆ మాట విని మా తమ్ముడు ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. వాడు క్వారీ షెడ్డులో మెకానిక్కు.

"బావా, ఆ బళ్ళు పోయాయంటే నువ్వు నడపడానికి ఇంక బండే ఉండదు. అవి పోకముందే ఒకటి ఎక్కు."

ఈయన ఇంతెత్తున లేచారు. "ఏరా, నేనే తిట్టి, ఇప్పుడు నేనే ఎక్కితే జనం నవ్వరూ? మాటిమాటికీ ప్లేటు మాడ్చుకునే బండిని నమ్మమంటావా?"

"నమ్మొద్దులే. షెడ్డుకొచ్చి చూసి తిట్టు."

నేనూ వెంట వెళ్ళాను. ఆటోమేటిక్ బండి గేరుబాక్సు విప్పి బల్ల మీద పెట్టి ఉంది. మా తమ్ముడు గుడ్డతో నూనె తుడిచి చూపించాడు.

"చూడు బావా. నీ పాత బండిలో ఉండే గేర్లే ఇవీ. నీ చెయ్యి చేసే పని ఇక్కడ మిషను చేస్తుంది, అంతే తేడా. ఒక్క పన్నైనా అరిగిందా? నీ శిష్యులు గరగరలాడించి విరగ్గొట్టినవి అదుగో, ఆ మూల పడున్నాయి."

ఆయన ఒక్కో పన్నూ వేలితో తడిమి చూశారు. వంక దొరకలేదు.

"మరి ప్లేటెందుకు మాడుతోంది?"

"అది అక్కనడుగు. ఎత్తు మీద ప్లేటు మాడే వాసన పీల్చేది తనేగా."

నాకు నోరు ఆగలేదు. "ఆ వాసన ఇప్పటిదా? నేను కాటా గదిలో అడుగుపెట్టిన్నాటినుంచీ ఉంది. మీ పాతబళ్ళదీ అదే వాసన. పాతదాని ప్లేటు మాడితే మామూలే అని మార్చేస్తారు. కొత్తదాని ప్లేటు మాడితే బండే పనికిరాదంటారు. ఇదెక్కడి న్యాయమండీ?"

ఆయన గేరు మీంచి వేలు తీసేశారు. ఎత్తు మీద బ్రేకు తొక్కితే నామోషీ అని, మావాళ్ళు ఆటోమేటిక్ బండినీ ఎక్సలేటరుతోనే నిలబెడుతున్నారు. లోపల మిషను పాపం సగం క్లచ్ మీద నలిగి మాడిపోతోంది. ఆ సంగతి ఆయనకి ఒకరు విడమరిచి చెప్పక్కర్లేదు.

"అయితే నేను నేర్పిందే మాడుతోందన్నమాట" అన్నారు చివరికి.

మర్నాడు టీ వేళకి కుంటుకుంటూ డ్రైవర్ల మధ్యకి వెళ్ళారు. ఎత్తు మీద బ్రేకు తొక్కి ఆగండి, నేను నేర్పింది మర్చిపోండి అని అందరి ముందూ చెప్పారు. ఆయన దగ్గరే నేర్చుకున్న బొంగురుగొంతు డ్రైవరు ఒకడు నవ్వాడు.

"మోకాలు పోయాక బ్రేకు గుర్తొచ్చిందా మాస్టారూ?"

"అవున్రా. మోకాలు మాత్రం ఎందుకు పోయిందనుకున్నావు? ఆ ఎత్తు మీద క్లచ్ పట్టుకుని నిలబెట్టీ నిలబెట్టీ కాదూ?"

నా మొగుడి గుండె ధైర్యం నాకు ఆ రోజు తెలిసింది. తన గొప్పని తనే నలుగురిలో తీసి పక్కన పెట్టడం ఎంతమందికి చేతనవుతుంది చెప్పండి?

ఓనరుని ఒప్పించి, ఖాళీ స్థలంలో అలవాటు చేసుకోవడానికి ఆటోమేటిక్ బండెక్కారు. గేరు మారే వేళకి ఎడమ కాలు దానంతటదే లేచి, లేని క్లచ్ కోసం వెతికి, బ్రేకు మీద ధనామని పడేది. బండి గుర్రంలా ఎగిరి ఆగేది. పక్కనున్న మా తమ్ముడి తల అద్దానికి తగిలింది.

"అక్కా, నీ మొగుడు నన్ను చంపేస్తాడే!"

"ఆ ఎడమ చెప్పు విప్పి ఇటివ్వండి" అన్నాను నేను. "వట్టికాలుంటే బ్రేకు ఇనుము తగిలినప్పుడల్లా గుర్తొస్తుంది."

గొణుక్కుంటూనే ఇచ్చారు. పనిచేసింది! కాలు లేచేది, చల్లటి ఇనుము తగలగానే వెనక్కొచ్చేది. నా బుర్ర కూడా తక్కువేం కాదు.

లోడుతో ఎత్తెక్కే రోజు రానే వచ్చింది. చెప్పు నా కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళారు. వరసలో ముందు బళ్ళు చాలా ఉన్నాయి. ఓనరు కాటా పక్కనే నిలబడ్డాడు. డ్రైవర్లు బళ్ళు దిగి మరీ చూస్తున్నారు. ప్లేటు మాడిందా, బళ్ళు పోతాయి, ఈయనకి గేటు దగ్గర కుర్చీ కూడా మిగలదు, ఎందుకంటే ఆయన కూర్చోరు.

బండి ఎత్తు మీద ఆగింది. ఊగలేదు. పాత దర్జా లేదు, ఇంజను గర్జన లేదు. బ్రేకు మీద కుడికాలు పెట్టి, రాయిలా కూర్చున్నారు. కాస్త కదలడం, ఆగడం. మళ్ళీ కదలడం, ఆగడం. నేను కిటికీ తలుపులు రెండూ బార్లా తీసి, ముక్కు బయటికి పెట్టి నిలబడ్డాను.

పలక మీదికొచ్చి ఆపి, ఆయన తల బయటికి పెట్టారు. ఓనరువైపు చూడలేదు. నావైపు చూశారు.

"వాసనొచ్చిందా?"

అంత గట్టి మనిషి గొంతు అంత చిన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు. నాకు కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. కావాలనే మైకు నొక్కాను, క్వారీ అంతా వినాలని.

"రాలేదండీ! గేరు మాస్టారి బండి, వాసన రాలేదు! ముందుకు పోనివ్వండి, వెనక బళ్ళాగిపోయాయి!"

వెనకనుంచి హారన్లు మోగిపోయాయి. ఆయన కళ్ళు తుడుచుకున్నారు. కాదంటారు, నేను చూశాను.

ఆ సాయంత్రమే బొంగురుగొంతు డ్రైవరు నా కిటికీ దగ్గరికొచ్చాడు. తలొంచుకుని ఎడమ చెప్పు విప్పి చేత్తో పట్టుకున్నాడు.

"వదినా, ఇదిక్కడ పెట్టుకోనా? ఆటోమేటిక్ బండి నేర్పుతా, రేపట్నుంచి పక్కసీట్లో కూర్చోమన్నారు మాస్టారు."

"పెట్టు నాయనా" అన్నాను. "ఆయన చెప్పు పక్కనే పెట్టు."