దిష్టి గుడ్డ కింద నూనె

ముసునూరు రోడ్డు మీద మేము మోటార్ సైకిల్ మీంచి పడిన రోజున వెనక కూర్చున్న మా ఆవిడ కదల్లేదు. ఆమె ఒడిలోని మామిడిపళ్ళ గంప కూడా కదల్లేదు. బ్రేకు పట్టలేదు, అంతే. ఎందుకు పట్టలేదో నాకు పడకముందే తెలుసు. తెలిసి కూడా, గంప సర్దుకోబోయి ఆవిడే కదిలిందని అందరికీ చెప్పాను. పదేళ్ళకు పైగా మా రెండు కుటుంబాల్లోనూ ఆ మాటే చెల్లింది.

బండి ముందు చక్రాన్ని రెండు ఫోర్కు గొట్టాలు పట్టుకుని ఉంటాయి. గుంతల్లో చేతులు అదిరిపోకుండా వాటి లోపల స్ప్రింగులు, నూనె ఉంటాయి. ఆ నూనె బయటికి రాకుండా ఒక్కో గొట్టానికి ఒక రబ్బరు సీలు అడ్డు ఉంటుంది. మా బండికి బ్రేకు డిస్కు ఉన్న వైపు సీలు పాడైంది. నూనె సన్నగా కారి, బ్రేకు పట్టాల్సిన డిస్కు మీదికి దిగేది. బండిని అద్దంలా ఉంచుతానని బావమరిది దగ్గర గొప్పలు పోయినవాణ్ణి, అది కారుతోందంటే నామోషీ. వచ్చే వారం చేయిద్దాం, కోతలయ్యాక చేయిద్దాం అనుకుంటూ, కారే చోట ఒక నల్లగుడ్డ పీలిక చుట్టి కట్టాను.

"ఏంటండీ అది?" అంది మా ఆవిడ.

"దిష్టికి. బండి మెరుస్తోంది కదా, అందరి కళ్ళూ దీని మీదే."

నమ్మింది. ఆ దసరాకి బండి కడిగి, హ్యాండిల్‌కి బంతిపూల దండ వేసి, ఆ గుడ్డకి కూడా పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. వేలికంటిన జిడ్డు చూసుకుని, "నూనెలో ముంచి కట్టారా?" అని అడిగింది. ఊఁ అన్నాను. 

తర్వాతి వేసవిలోనే పడ్డాం. ముసునూరు పక్కన మా బావమరిది తోటలో మొదటి కోత చిన్న రసాలు తీసుకుని నూజివీడు ఇంటికి వస్తున్నాం. ఒక తోట గేటులోంచి కాయల లోడు ఆటో ఒక్కసారిగా రోడ్డెక్కింది. ముందు బ్రేకు బలంగా నొక్కాను. చక్రం ఆగలేదు. ఆటోని తప్పించబోయి కాలవలోకి దిగిపోయాం. పళ్ళన్నీ బురదలో పడ్డాయి. ఆవిడ ఎడమచేతి మణికట్టు విరిగింది.

ఆస్పత్రికి బావమరిది పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది బావగారూ?" అన్నాడు. "మీ అక్క గంప సర్దుకోబోయి కదిలిందయ్యా, బ్యాలెన్స్ పోయింది" అన్నాను. ఆ అబద్ధం ఆలోచించి చెప్పింది కాదు, నోటికి అందింది. మంచం మీంచి మా ఆవిడ, "అవునురా, కదిలానేమో" అంది. నా మీద నమ్మకంతో తన ఒంటిని తనే అనుమానించింది.

అప్పట్నుంచి ఏటా మామిడి కోతలకి అదే వేళాకోళం. "అక్కా, కదలకుండా కూర్చో, కుర్చీ పడిపోతుంది!" అని తమ్ముడు. "అమ్మగారు వచ్చారు, గంపలు జాగ్రత్త!" అని కాయలు ఏరే ఆడవాళ్ళు. ఆవిడా నవ్వేది. కానీ మళ్ళీ ఏ బండి వెనకా ఎక్కలేదు. ఎండలో ఆటో కోసం నిలబడేది. నేను స్కూటర్ కొన్నా, "మీరు వెళ్ళండి, నాకు కుదురుగా కూర్చోవడం చేతకాదు" అనేది. పాత బండి ఇంటి వెనక రేకుల కింద, ఆ గుడ్డతో సహా ఉండిపోయింది.

ఈ వేసవిలో బావమరిది ఫోన్ చేశాడు. "బావగారూ, ఆ బండి ఊరికే తుప్పు పట్టిపోతోంది. నాకిచ్చెయ్యండి, తోటలో తిరగడానికి పనికొస్తుంది. మా వాళ్ళు నలుగురూ వాడుకుంటారు."

నలుగురూ అనేసరికి, ఆ పట్టని బ్రేకే వాళ్ళూ నొక్కుతారని తోచింది. బాగుచేసి తెస్తానని చెప్పాను. మెకానిక్కుకి ఇస్తే, మా ఆవిడ ముందే, "ఇలా కారుతుంటే ఎన్నాళ్ళు నడిపారండీ?" అంటాడేమోనని భయం. అందుకే సొంతంగా దిగాను. పిరికితనంతో మొదలుపెట్టిన పనే అయినా, చేసే కొద్దీ ఇష్టం పుట్టింది.

హనుమాన్ జంక్షన్‌లో సీళ్ళు, ఫోర్కు నూనె, కొత్త బ్రేకు ప్యాడ్లు దొరికాయి. బండిని డబుల్ స్టాండ్ వేసి, ఇంజను కింద మామిడి మొద్దు పెట్టి, ముందు చక్రం లేపాను. గుడ్డ విప్పబోతుంటే మా ఆవిడ వచ్చింది.

"ఉండండి, నేను విప్పుతాను. దేవుడి పేరు మీద కట్టింది, నలుగురూ తొక్కే చోట పడెయ్యకూడదు."

ముళ్ళు జాగ్రత్తగా విప్పి, ఆ గట్టిపడ్డ పీలికని తులసి మొదట్లో పెట్టింది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. నేను స్పానర్ కోసం వెతుక్కుంటున్నట్టు తల వంచుకున్నాను.

చక్రం ఊడదీసి, గొట్టాలు కిందికి లాగి, పైమూతలు విప్పి బోర్లిస్తే నల్లటి నూనె పడింది. ఒకదాన్లో నిండా ఉంది. రెండో దాన్లో అడుగున కాస్తే. పాత సీళ్ళు ఎండిన మామిడి తొక్కల్లా పెళుసెక్కి ముక్కలుగా ఊడొచ్చాయి. కొత్తవి దిగ్గొట్టి, అన్నీ బిగించి, హ్యాండిల్ పట్టుకుని నాలుగుసార్లు కిందికి నొక్కాను. గొట్టం మీద నూనె గీత మళ్ళీ మెరిసింది.

"కారుతోందండీ," అంది ఆవిడ, మెట్ల మీద చింతపండు గింజలు తీస్తూ.

"కనబడుతోంది."

"మెకానిక్కు పని మెకానిక్కుకే వదిలెయ్యచ్చుగా."

నాకు పట్టుదల వచ్చింది. మళ్ళీ మొత్తం విప్పాను. గొట్టం మీద గోరు పెట్టి నెమ్మదిగా దించితే, ఒకచోట తగిలింది. గసగసాలంత తుప్పు గుంట. దాని అంచే సీలుని చీరేస్తోంది. అసలు దొంగ అది. సన్న ఎమరీ పేపరు తడిపి, గొట్టం చుట్టూ అడ్డంగా, గోరు జారిపోయే దాకా రుద్దాను. ఈసారి ఇంకో కొత్త సీలు తెచ్చి, దాని లోపలి అంచు చిరక్కుండా గొట్టం కొసకి పాలప్యాకెట్టు కవరు తొడిగి, నూనె రాసి దించాను. మొదటిసారి సుత్తితో కొట్టి వంకర చేశాను కదా, ఈసారి బావమరిది తోటలో డ్రిప్పు నీళ్ళకి వేయగా మిగిలిన పైపు ముక్క ఒకటి సరిగ్గా అంతే లావుది ఇంట్లో దొరికితే, దాంతో చుట్టూ సమంగా తట్టాను. అది టక్కుమని గాడిలో కూర్చున్నప్పుడు వచ్చిన ఆనందం నా ఉద్యోగంలో ఏ ప్రమోషనూ ఇవ్వలేదు.

కొలిచి నూనె పోసి, డిస్కు శుభ్రంగా తుడిచి, కొత్త ప్యాడ్లు వేసి మళ్ళీ నొక్కాను. బండి నిబ్బరంగా దిగి, నిబ్బరంగా లేచింది. తెల్ల జేబురుమాలుతో గొట్టం తుడిచి ఆవిడకి చూపించాను. మరక లేదు. వీధి చివరి దాకా వెళ్ళి ముందు బ్రేకు నొక్కితే, బండి ఎవరో పట్టి నిలబెట్టినట్టు ఆగింది. నేను గట్టిగా కేక పెట్టాను. ఎదురింటాయన గుమ్మంలోకి వచ్చి ఏమైందని అడిగాడు. "ఆగిందండీ!" అన్నాను.

మర్నాడు బండి తోటకి అప్పజెప్పాలి. మా ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ బయటికొచ్చింది. "ఎలాగూ ఇచ్చేస్తున్నాం కదా. ఈ ఒక్కసారికి ఎక్కుతాను. కొత్త దిష్టి గుడ్డ కట్టనా?"

"వద్దు. ఆ గొట్టం కనబడుతూ ఉండనీ."

పదేళ్ళు దాటాక మళ్ళీ నా భుజం మీద ఆమె చెయ్యి పడింది. రోడ్డుకి రెండు పక్కలా తోటల్లో కాయలు కోసే చిక్కాలు కొమ్మల మధ్య పైకీ కిందికీ ఆడుతున్నాయి. కాయల సొన వాసన హెల్మెట్‌లోకి వస్తోంది. అప్పుడు ఆటో అడ్డొచ్చిన ఆ పాత గేటు దగ్గరికి రాగానే, ఖాళీ రోడ్డు మీదే కావాలని బ్రేకు నొక్కాను. బండి గీత గీసినట్టు ఆగింది. అక్కణ్ణుంచి తోట దాకా రాజులా నడిపాను.

బావమరిది షెడ్డులోంచి బయటికొచ్చి ఫోర్కు మీద చెయ్యేసి నొక్కి చూశాడు. "కొత్తదానిలా ఉంది! బావగారు ఇంక షాపు పెట్టెయ్యచ్చు." తర్వాత అక్క వైపు తిరిగి కన్నుగీటాడు. "ఈసారి కదల్లేదా అక్కా?"

"కదలడమా! ఇంటి దగ్గర్నుంచీ ఊపిరి బిగబట్టుకు కూర్చున్నానురా. మీ బావగారు కష్టపడి బాగుచేశారు, నా వల్ల మళ్ళీ పడితే?"

షెడ్డులో కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. నేను రాజులా నడిపిన దారంతా ఆమె నా వెనక ఊపిరి పీల్చుకోలేదు. సీలు బాగుచేశాను కానీ, నేను పాడుచేసింది ఇంకా అలాగే ఉంది.

"ఆ రోజు మీ అక్క కదల్లేదయ్యా," అన్నాను.

"సరదాకి అన్నాను బావగారూ, పోనివ్వండి."

"సరదా కాదు. విను. అందరూ వినండి."

గొట్టం చూపించి మొత్తం చెప్పాను. కారుతున్న నూనె, నల్లగుడ్డ, పట్టని బ్రేకు, ఆస్పత్రిలో నా నోటికి అందిన మాట. వింటున్న వాళ్ళలో పెద్దామె చేతిలో కాయని క్రేటులో పెట్టేసి, "ఓరి దేవుడో, ఇన్నాళ్ళూ అమ్మగారిని ఉత్తినే ఆడిపోసుకున్నామా!" అంది. బావమరిది అక్క ముఖం చూడలేక నేల చూశాడు.

మా ఆవిడ ఎడమచేతి మణికట్టుని కుడిచేత్తో పట్టుకుని నిలబడింది. "ఆ గుడ్డకి నేను బొట్టు పెట్టాను."

"పెట్టావు."

"పెడుతుంటే చూస్తూ నిలబడ్డారు."

"నిలబడ్డాను."

పెద్దగా ఊపిరి వదిలింది. తమ్ముడితో, "ఈ బండి నీకివ్వనురా. సాయంత్రం దీని మీదే ఇంటికి పోతాను. దారంతా నా ఇష్టం వచ్చినట్టు కదులుతాను" అంది. పెద్దామె చప్పట్లు కొట్టింది. మిగతావాళ్ళూ అందుకున్నారు. ఆ చప్పట్ల మధ్యే నా వైపు తిరిగింది. "ఇంకో మాట మిగిలింది కదా. అదీ అనండి."

అన్నాను, అందరూ వింటుండగా, హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని. "తప్పు నాది. చెయ్యి విరిగింది నీకు, మాట పడ్డది నువ్వు. నన్ను క్షమించు."