దోమతెర కిటికీ ఉన్న సంచి

ఆసుపత్రి వెనకవైపు, బాయిలరును ఆనుకుని, బట్టల గది ఉంది. చిరిగిన దుప్పట్లు, గుండీలు ఊడిన చొక్కాలు, కొక్కేలు తెగిన పరదాలు అన్నీ అక్కడికే చేరతాయి. వాటిని బాగుచేసే మనిషిని పెద్ద డాక్టరు దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ళ దాకా అందరూ కుట్టుపిన్ని అనే పిలుస్తారు. ఆమె మాట్లాడేది తక్కువ. ఆమె వంతు కబుర్లు కూడా మిషనే చెబుతూ ఉంటుంది.

ఆమె వదిన, అంటే భర్తకు అక్క, పూర్తిగా వేరే రకం. బస్సు కండక్టరుగా చేసి చేసి, వంటింట్లో గుసగుసలాడినా చివరి సీటు దాకా వినిపించే గొంతు ఆవిడది. "మా మరదలికి కొత్త గుడ్డ చూస్తే నీరసం, చిరుగు చూస్తే హుషారు" అని తమ్ముడి పెళ్ళి నాటి నుంచీ ఏడిపించేది.

అలాంటి వదినకు రొమ్ములో గడ్డ తేలింది. అదే ఆసుపత్రిలో ఆపరేషను బాగానే జరిగింది. గాయంలో చేరే నీరు బయటికి రావడానికి సన్నటి గొట్టం పెట్టి, దాని చివర ప్లాస్టిక్ సీసా తగిలించారు. లేచి తిరగాలని డాక్టరు చెప్పింది. వదిన మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది.

"నొప్పిగా ఉందా వదినా?" క్యారేజీ తెచ్చిన కుట్టుపిన్ని అడిగింది.

"నొప్పయితే ఓర్చుకుందునే. ఈ సీసా చేత్తో పట్టుకుని నలుగురిలో ఎలా తిరగను? అందరి కళ్ళూ దీనిమీదే."

వదిన గొంతు అంత సన్నబడగలదని కుట్టుపిన్నికి అప్పుడే తెలిసింది.

తన గదికి వచ్చి, పారేయడానికి కట్టిన మూట విప్పింది. అందులో ఒక నీలం పరదా, నడుమ చివికినా అంచులు గట్టిగా ఉన్నాయి. దాన్నే కత్తిరించి, నాడాతో మూతి బిగించే సంచి కుట్టి వార్డుకు పట్టుకెళ్ళింది. నర్సు చూసి తల అడ్డంగా ఊపింది.

"నాడా లాగితే గొట్టం నలిగిపోతుంది పిన్నీ. నీరెంత వచ్చిందో చూడాలంటే సీసా ప్రతిసారీ బయటికి తియ్యాలి. పైగా అది గాయం కంటే కిందే ఉండాలి."

ఇంకొకరైతే ముఖం మాడ్చుకునేవారు. కుట్టుపిన్ని జేబులోంచి కత్తెర తీసి, అక్కడే నిలబడి కుట్లు విప్పడం మొదలుపెట్టింది. "ఆ సీసా ఒకసారి చూపించమ్మా" అంటూ జానతో దాని ఎత్తు, చుట్టుకొలత చూసుకుంది.

మర్నాటి సంచికి మూతి తెరిచే ఉంది. అడుగు రెండు పొరలు. కుట్లు ఒరుసుకోకుండా లోపల మెత్తటి పాతదుప్పటి అస్తరు. ఒక పక్కన దోమతెర ముక్కతో కిటికీ, దాంట్లోంచి సీసా మీది గీతలు కనిపిస్తాయి. పరదా అంచును మడిచి కుట్టిన పట్టీకి వరసగా కాజాలు, పొడుగువాళ్ళకూ పొట్టివాళ్ళకూ సరిపోయేలా. గుండీ మాత్రం భర్త కోటుది. ఆయన ఇంకా చూసుకోలేదు.

"ఇదేంటే, కండక్టరు సంచిలా ఉంది! రిటైరయ్యాక మళ్ళీ డ్యూటీ ఎక్కిస్తున్నావా?" అంది వదిన. అంటూనే, గాయం లేని వైపు భుజాన పట్టీ సర్దుకుంది. ఎవరూ పట్టుకోకుండానే లేచింది. వరండాలోకి రాగానే, "జరగాలమ్మా, జరగాలి! దారికడ్డం నిలబడొద్దు!" అని కేకేసింది. వార్డంతా నవ్వింది. కుట్టుపిన్ని నవ్వలేదు. పట్టీ ఎక్కడ ఒరుసుకుంటోందో, గొట్టం ఎక్కడ మడత పడుతోందో వంగి వంగి చూస్తూ వెంట నడిచింది.

ఎదుటి మంచం ఆవిడ తనకూ కావాలంది. నర్సు పైవాళ్ళతో మాట్లాడి, పాత పరదాలు వాడుకోవడానికి అనుమతి తెచ్చింది. వాటిని మరిగే నీళ్ళలో ఉడకబెట్టి, ఇస్త్రీ చేసి, మామూలు పని ఒక్కటీ ఆపకుండా కుట్టుపిన్ని సంచులు కుట్టింది. ఆ వార్డులో ఇప్పుడు సీసాను దుప్పటి కింద దాచుకునేవాళ్ళు లేరు.

వదిన కోలుకుంది. వీలున్నప్పుడల్లా బట్టల గదికి వచ్చి, ఊరి కబుర్లన్నీ చెబుతూ గుండీలు కుడుతుంది. అన్నీ వంకరే. ఆవిడ వెళ్ళాక కుట్టుపిన్ని వాటిని విప్పి మళ్ళీ కుడుతుంది. వదినకు ఆ సంగతి తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తరు.